తెగిన లంకె ఎక్కడ తెగింది?

వానలో తడిసిన ఒక ఉత్తరం మీద ఊరి పేరు సగం చెరిగిపోయిందనుకోండి. ‘వరికు...’ అన్నంత వరకే కనబడుతోంది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి కాసేపు ఆలోచిస్తాడు. జిల్లా పేరు నెల్లూరు అని ఉంది. పిన్‌కోడు 524తో మొదలవుతోంది. ‘ఇది ఉదయగిరి దగ్గరి వరికుంటపాడు అయి ఉంటుంది’ అని ఊహించి, ఉత్తరాన్ని సరైన సంచిలో వేస్తాడు.

కంప్యూటరు ఇలా ఊహించలేదు. చిరునామాలో ఒక్క అక్షరం తగ్గినా, ఒక్క చుక్క పెరిగినా దాని దృష్టిలో అది వేరే చిరునామా. ‘అలాంటి పేజీ లేదు’ అని చెప్పి ఊరుకుంటుంది. ఈ-మెయిలులో వచ్చిన లంకెను నొక్కితే తెరుచుకోకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇది చిన్న విషయం కాదు. ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కం మెరిట్ పరీక్ష రాసి ఎంపికైన విద్యార్థికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. దాని దరఖాస్తు అంతా ఇంటర్నెట్‌లోనే. దానికి సంబంధించిన లంకె ఒక మెయిలులో వచ్చింది. నొక్కితే తెరుచుకోలేదు. రేపే గడువు. అప్పుడు ఏం చేయాలి? నెల్లూరు దాకా బస్సెక్కి వెళ్లి అడగాలా? అక్కర్లేదు. లంకె ఎక్కడ తెగిందో కనిపెట్టగలిగితే చాలాసార్లు మనమే అతికించవచ్చు. ఎలాగో చూద్దాం.

లంకె అంటే ఏమిటి?

లంకె అంటే ఒక వెబ్ పేజీ చిరునామా. తెలుగు వికీపీడియాలో వరికుంటపాడు గురించిన పేజీ చిరునామా ఇలా ఉంటుంది:

హెచ్‌టిటిపిఎస్://టిఇ.వికీపీడియా.ఆర్గ్/వికీ/వరికుంటపాడు

అసలు చిరునామాలో ఊరి పేరు తప్ప మిగిలిందంతా ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాశాం. ఇందులో మూడు భాగాలు ఉన్నాయి.

మొదటిది ‘హెచ్‌టిటిపిఎస్’. రెండు కంప్యూటర్లు ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో ఇది చెబుతుంది. చివరి ‘ఎస్’ ఉంటే ఆ మాటలు దారిలో ఎవరికీ అర్థం కాకుండా రహస్య లిపిలో సాగుతాయని అర్థం.

రెండవది ‘టిఇ.వికీపీడియా.ఆర్గ్’. ఇది ఇల్లు. ఆ పేజీ ఏ కంప్యూటరులో ఉందో తెలిపే పేరు. దీనిని కుడి నుంచి ఎడమకు చదవాలి. మన పోస్టల్ చిరునామాలో కింది వరుసలో రాష్ట్రం, దాని పైన జిల్లా, ఇంకా పైన ఊరు ఉన్నట్టే, ఇక్కడ కుడి కొసన పెద్ద విభాగం, ఎడమకు వచ్చేకొద్దీ చిన్న విభాగాలు ఉంటాయి. ‘టిఇ’ అంటే తెలుగు.

మూడవది ‘/వికీ/వరికుంటపాడు’. ఆ ఇంట్లో ఏ గదిలో ఏ అరలో మనకు కావలసిన పేజీ ఉందో ఇది చెబుతుంది.

వెబ్ పేజీలను ఇలా చిరునామాలతో ఒకదానికొకటి ముడివేయవచ్చునని 1989లో ప్రతిపాదించినవాడు టిమ్ బెర్నర్స్-లీ. ఆయన అప్పుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. ఈ-మెయిలు అంతకంటే పాతది. ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు నెట్‌వర్కు ద్వారా మొదటి మెయిలు 1971లో రే టామ్లిన్సన్ పంపాడు. అంటే మెయిలు పుట్టిన దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత వెబ్ లంకె పుట్టింది. లంకెలను మోయవలసి వస్తుందని పాత మెయిలుకు తెలియదు. చిక్కులు చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి.

మూడు మజిలీలు

మనం లంకెను నొక్కినప్పుడు పని మూడు మజిలీలలో జరుగుతుంది.

ఒకటి: పంపినవారు రాసిన చిరునామా చెక్కుచెదరకుండా మన మెయిలు ప్రోగ్రాములోకి రావాలి.

రెండు: మెయిలు ప్రోగ్రాము ఆ చిరునామాను బ్రౌజరుకు అప్పగించాలి. మెయిలు ప్రోగ్రాము ఉత్తరాలు చూపించేది. వెబ్ పేజీలు తెరిచేది బ్రౌజరు. ఇవి వేర్వేరు.

మూడు: బ్రౌజరు ఆ చిరునామాకు వెళ్లినప్పుడు అక్కడ పేజీ ఉండాలి.

మూడింటిలో ఏది తప్పినా మనం ‘లంకె పనిచేయడం లేదు’ అనే ఒకే మాట అంటాం. కాని మూడు జబ్బులకు మూడు మందులు. జ్వరం అని ఒక్క మాట చెబితే వైద్యుడు మందు ఇవ్వడు కదా! చలి వచ్చిందా, దగ్గు ఉందా అని అడుగుతాడు. మనమూ అలాగే అడగాలి.

మొదటి మజిలీ: దారిలో తెగిన చిరునామా

1928లో ఐబిఎం కంపెనీ 80 నిలువు వరుసలు గల అట్ట కార్డును తయారుచేసింది. కార్డుకు రంధ్రాలు పొడిచి అక్షరాలను గుర్తించేవారు. ఒక కార్డులో 80 అక్షరాలే పట్టేవి. తర్వాత కార్డులు పోయి తెరలు వచ్చాయి. ఆ తెరల మీద కూడా వరుసకు 80 అక్షరాలే ఉంచారు. ఈ-మెయిలులో ఒక వరుస 78 అక్షరాలకు మించకుండా ఉంటే మంచిదని 2001లో వెలువడిన ఇంటర్నెట్ నియమపత్రం సూచించింది. ఏ వరుసా 998 అక్షరాలు దాటనే కూడదని కూడా అందులో ఉంది.

మామూలు వాక్యానికి దీనివల్ల ఇబ్బంది లేదు. రెండు మాటల మధ్య ఖాళీ దగ్గర వరుసను విరిచి, మిగిలింది కిందికి దించితే సరిపోతుంది. కాని లంకెలో ఖాళీలు ఉండవు. కొన్ని ప్రోగ్రాములు పొడవాటి లంకెను తెలివిగా అలాగే వదిలేస్తాయి. కొన్ని మాత్రం దారం తెంచినట్టు మధ్యలో తెంచేస్తాయి. అప్పుడు చూసే ప్రోగ్రాము మొదటి వరుసను మాత్రమే లంకె అనుకుని నీలం రంగు వేస్తుంది. రెండో వరుస మామూలు అక్షరాలుగా మిగిలిపోతుంది.

మరి వరికుంటపాడు అన్న పేరు అంత పొడుగా? కాదు కదా! ఇక్కడే ఒక తమాషా ఉంది.

వరికుంటపాడుకు 99 అక్షరాలు

వెబ్ చిరునామాలో రాయడానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే ఒప్పుకుంటారు. తెలుగు అక్షరాలను అందులో పెట్టాలంటే వేషం మార్చాలి.

ముందుగా కంప్యూటరు మన పేరును విడివిడి ముక్కలు చేస్తుంది. మనం ‘రి’ని ఒక్క అక్షరంగా చదువుతాం. కంప్యూటరుకు అది ‘ర’ ఒకటి, గుడి ఒకటి, మొత్తం రెండు. ‘కుం’లో క, కొమ్ము, సున్న – మూడు. ఇలా లెక్కపెడితే వరికుంటపాడులో వ, ర, గుడి, క, కొమ్ము, సున్న, ట, ప, దీర్ఘం, డ, కొమ్ము – మొత్తం 11 ముక్కలు.

యుటిఎఫ్-8 అనే పద్ధతిలో ప్రతి తెలుగు ముక్కకు మూడు బైట్లు కావాలి. ఈ పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు రూపొందించారు. చిరునామాలో ఒక్కొక్క బైటును ఒక శాతం గుర్తు, దాని వెనుక రెండు గుర్తులతో రాస్తారు. అంటే బైటుకు మూడు గుర్తులు. ముక్కకు మూడు బైట్లు కాబట్టి 3 × 3 = 9 గుర్తులు. పదకొండు ముక్కలకు 11 × 9 = 99!

దీనికి ముందు ఉన్న ‘హెచ్‌టిటిపిఎస్’ మొదలుకొని ‘/వికీ/’ దాకా ఇంగ్లీషులో 30 అక్షరాలు. మొత్తం 129. మెయిలు వరుసలో పట్టేవి 78.

సరిగ్గా 78వ అక్షరం దగ్గర తెంచితే ఏమవుతుందో లెక్క వేయండి. 78లో 30 పోగా 48 మిగిలాయి. అందులో 45 గుర్తులకు ఐదు ముక్కలు వస్తాయి: వ, ర, గుడి, క, కొమ్ము. అంటే ‘వరికు’. మిగిలిన మూడు గుర్తులు సున్నలో మూడో వంతు మాత్రమే. ‘వరికు’, దాని పక్కన ముక్కలైన సున్న – ఇదీ బ్రౌజరుకు చేరే పేరు! వానలో తడిసిన ఉత్తరం మీద ఉన్న పేరే ఇది. అలాంటి పేజీ ఎక్కడ ఉంటుంది?

అదే జిల్లాలోని కావలిని చూడండి. క, దీర్ఘం, వ, ల, గుడి – ఐదే ముక్కలు. 5 × 9 = 45. దానికి 30 కలిపితే 75. వరుసలో లంకె ఒక్కటే ఉంటే 78 లోపలే ఇమిడిపోతుంది. కనుక కావలి లంకె పనిచేసి, వరికుంటపాడు లంకె పనిచేయకపోతే అందులో మాయ ఏమీ లేదు. అట్ట కార్డు నాటి కొలతకు ఒక ఊరి పేరు సరిపోయింది, మరొక ఊరి పేరు సరిపోలేదు.

దీన్ని అతికించడం సులభం. తెగిన రెండు ముక్కలనూ కాపీ చేసి, బ్రౌజరు పైభాగంలోని చిరునామా గడిలో ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఖాళీ రాకుండా అతికించాలి. జవాబుగా వచ్చిన మెయిలులో రెండో వరుస మొదట ‘>’ గుర్తు ఉంటే దాన్ని తీసేయాలి. అది పాత ఉత్తరంలోని వరుస అని తెలపడానికి ప్రోగ్రాము చేర్చిన గుర్తు. చిరునామాకు సంబంధం లేదు.

సమాన గుర్తు చేసే గారడి

మెయిలు కోసం 1992లో మైమ్ అనే ఏర్పాటు వచ్చింది. నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ దీని రూపకర్తలు. అందులో ఒక పద్ధతి ప్రకారం వరుస 76 గుర్తులు మించకూడదు. మించితే వరుస చివర ‘=’ పెట్టి కిందికి దించుతారు. ‘ఇక్కడ నిజంగా వరుస ముగియలేదు, మళ్లీ కలుపుకో’ అని చూసే ప్రోగ్రాముకు అది సంకేతం. మంచి ఉపాయమే!

కాని ‘=’ గుర్తుకు ఈ ఉద్యోగం ఇచ్చాక, ఉత్తరంలో నిజంగా ఉన్న సమాన గుర్తును ఎలా పంపాలి? దాన్ని ‘=3డి’ అని రాస్తారు. చేరాక ప్రోగ్రాము దాన్ని మళ్లీ ‘=’గా మారుస్తుంది. దరఖాస్తుల లంకెలలో ‘సంవత్సరం=2025’ వంటి ముక్కలు తరచుగా ఉంటాయి. చూసే ప్రోగ్రాము మార్చడం మరిచిపోతే లంకెలో ‘సంవత్సరం=3డి2025’ అని కనబడుతుంది. ఆ ‘3డి’ని తీసేస్తే లంకె పనిచేస్తుంది.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా జరుగుతుంది. పంపిన ప్రోగ్రాము ‘=’ను మార్చకుండానే పంపిందనుకోండి. చూసే ప్రోగ్రాము ‘=20’ని చూసి ‘ఇది ఖాళీకి సంకేతం’ అనుకుంటుంది. ‘సంవత్సరం=2025’ కాస్తా ‘సంవత్సరం 25’ అయిపోతుంది! లంకె మధ్యలో అకారణంగా ఖాళీ కనబడితే ఈ అనుమానం రావాలి.

చుక్క, కుండలి, కనబడని అక్షరం

‘ఈ పేజీ చూడండి’ అని రాసి, లంకె పెట్టి, వాక్యం ముగిసిందని చివర చుక్క పెడతాం. ప్రోగ్రాముకు ఆ చుక్క వాక్యానిదో చిరునామాదో తెలియదు. కొన్ని దాన్ని చిరునామాలో కలిపేస్తాయి. అంతే, లంకె చెడింది.

కుండలీకరణంతో తంటా ఇంకొక రకం. ఆత్మకూరు అనే పేరు గల ఊళ్లు తెలుగు నేలలో ఎన్నో ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, తెలంగాణలో కొన్ని. ఏ ఆత్మకూరో తెలియడానికి పేజీ పేరులో కుండలీకరణం పెట్టి జిల్లా పేరు చేరుస్తారు. కొన్ని మెయిలు ప్రోగ్రాములు చివరి ‘)’ గుర్తును లంకెలో చేర్చకుండా వదిలేస్తాయి. తలుపు మూయని పేరుతో వెతికితే పేజీ దొరకదు.

ఇక కనబడని అక్షరం సంగతి. ‘పిన్‌కోడు’ అని రాసేటప్పుడు ‘న్’ కింద ‘కో’ ఒత్తుగా చేరకుండా ఆపడానికి మధ్యలో ఒక గుర్తు వేస్తాం. అది తెర మీద కనబడదు, కాని కంప్యూటరు దాన్ని లెక్కిస్తుంది. అది ఉన్న పేరు, లేని పేరు రెండూ వేర్వేరు చిరునామాలు. తెలుగు లంకెను చేత్తో టైపు చేయకుండా కాపీ చేయడమే మేలనడానికి ఇదొక కారణం.

రెండవ మజిలీ: అప్పగింతలో లోపం

లంకెను నొక్కితే ఏమీ జరగలేదు. బ్రౌజరు తెరుచుకోనే లేదు. అయితే అనుమానించవలసింది చిరునామాను కాదు, అప్పగింతను.

కంప్యూటరు నడిపే వ్యవస్థలో ఒక చిట్టా ఉంటుంది. ‘ఫలానా రకం ఫైలును ఫలానా ప్రోగ్రాము తెరవాలి, హెచ్‌టిటిపిఎస్ చిరునామాలను ఫలానా బ్రౌజరుకు ఇవ్వాలి’ అని అందులో రాసి ఉంటుంది. మనం ఆ బ్రౌజరును తీసేసి, చిట్టాలో పేరు మాత్రం అలాగే ఉండిపోతే? మెయిలు ప్రోగ్రాము లేని మనిషికి ఉత్తరం ఇవ్వబోతుంది! విండోస్ కంప్యూటర్లలో క్రోమ్ బ్రౌజరును తొలగించాక అవుట్‌లుక్ మెయిలు ప్రోగ్రాము ‘ఈ కంప్యూటరులోని ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది’ అని చెప్పడం చాలామంది చూశారు. నిజానికి ఎవరూ ఏ ఆంక్షా పెట్టలేదు. చిట్టాలో పాత పేరు మిగిలిపోయింది, అంతే.

దీనికి మందు: విండోస్ సెట్టింగులలో ‘డిఫాల్ట్ యాప్స్’ అనే చోటికి వెళ్లి, ఇప్పుడు కంప్యూటరులో ఉన్న బ్రౌజరును ఎంచుకోవాలి. థండర్‌బర్డ్ మెయిలు ప్రోగ్రాము వాడేవారు దాని సెట్టింగులలో ‘ఫైల్స్ అండ్ అటాచ్‌మెంట్స్’ అనే పట్టికను కూడా చూడాలి. హెచ్‌టిటిపిఎస్ ఎదురుగా ఏ ప్రోగ్రాము పేరు ఉందో అక్కడ తెలుస్తుంది. లేని బ్రౌజరు పేరు ఉంటే మార్చాలి.

మూడవ మజిలీ: అవతలి గడప

బ్రౌజరు తెరుచుకుంది కాని పేజీ రాలేదు. అప్పుడు తెర మీది మాటలను వదిలేయకుండా చదవాలి. అందులో జవాబు ఉంటుంది.

‘సర్వర్ దొరకలేదు’ అంటే ఇల్లే కనబడలేదని అర్థం. ఇంటి పేరు తప్పు రాసి ఉండవచ్చు, లేదా మన ఇంటర్నెట్టే ఆగిపోయి ఉండవచ్చు. ‘404’ అంటే ఇల్లు దొరికింది, గది దొరకలేదు. ‘403’ అంటే గది ఉంది, నీకు ప్రవేశం లేదు. 500తో మొదలయ్యే సంఖ్య వస్తే తప్పు మనది కాదు, అవతలి కంప్యూటరుది. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఒక గుర్తు పెట్టుకోండి: 4తో మొదలైతే అడిగిన తీరులో లోపం, 5తో మొదలైతే ఇచ్చేవారి దగ్గర లోపం.

ఏ వెబ్‌సైటు తెరిచినా ‘ఇది సురక్షితం కాదు’ అని వస్తుంటే కంప్యూటరు గడియారం చూడండి. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం, దానికి గడువు తేదీలు ఉంటాయి. పాత కంప్యూటరులో గుండీ బ్యాటరీ అయిపోతే, అది ఎన్నో ఏళ్లు వెనక్కి పోయిన తేదీ చూపిస్తుంది. ఆ తేదీ ప్రకారం ధ్రువపత్రాలు ఇంకా పుట్టనే లేదు! తేదీ సరిచేస్తే తలుపులన్నీ తెరుచుకుంటాయి.

కొన్ని లంకెలు ఒక్కసారి వాడడానికే ఇస్తారు. పాస్‌వర్డు మార్చుకోవడానికి వచ్చే లంకె అలాంటిది. కొంతసేపు దాటినా, ఒకసారి వాడినా అది చెల్లదు. అది చెడిపోవడం కాదు, రక్షణ కోసం చేసిన ఏర్పాటు. మళ్లీ కొత్తది అడగాలి.

ఇక అసలు పేజీయే లేకుండా పోయిన సందర్భాలు. ఇల్లు మారినవారికి పాత చిరునామాకు ఉత్తరం రాస్తే ఏం లాభం? 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా ఏర్పడ్డాక అనేక కార్యాలయాలు రెండయ్యాయి, వాటి వెబ్‌సైట్లూ రెండయ్యాయి. పదో తరగతి పరీక్షలు జరిపే బోర్డుకు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిరునామా, తెలంగాణలో మరొక చిరునామా ఉన్నాయి. అంతకు ముందు దాచుకున్న లంకెను ఇప్పుడు నొక్కితే పనిచేయకపోవడం సహజమే.

ప్రపంచమంతటా ఇదే కథ. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం 2023 అక్టోబరు నాటికి దొరకడం లేదని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించింది. పదేళ్లలో వందకు ముప్ఫై ఎనిమిది! మంచి చిరునామా మారకూడదని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే హెచ్చరించాడు. అయినా మారుతూనే ఉన్నాయి. పోయిన పేజీల నకళ్లు దాచే ఒక పెద్ద గ్రంథాలయం ఉంది. 1996లో బ్రూస్టర్ కాల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అది. దాని ‘వేబ్యాక్ మెషీన్’లో పాత చిరునామా ఇస్తే, నకలు ఉంటే చూపిస్తుంది. అయితే అది చదువుకోవడానికే పనికివస్తుంది. పాత నకలులో దరఖాస్తు నింపలేం.

ఒకసారికి ఒకటే మార్చండి

ఇన్ని కారణాలలో మనది ఏదో తేల్చడం ఎలా? శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చేసేదే మనమూ చేయాలి. ఒకసారికి ఒకటి మాత్రమే మార్చాలి. ఫలితం చూడాలి. రెండు మూడు ఒకేసారి మార్చితే, పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు.

మొదటి పరీక్ష: లంకె నొక్కితే బ్రౌజరు తెరుచుకుందా? తెరుచుకోకపోతే మరో మెయిలులోని లంకెను నొక్కండి. అదీ పనిచేయకపోతే తప్పు అప్పగింతలో ఉంది. అది పనిచేస్తే తప్పు ఈ మెయిలులో ఉంది.

రెండవ పరీక్ష: లంకెను కాపీ చేసి బ్రౌజరులో అతికించండి. అప్పుడు పేజీ వస్తే చిరునామా మంచిదే, అప్పగింతే చెడ్డది. రాకపోతే చిరునామాను కళ్లతో చదవండి. తెగిందా? చివర చుక్క ఉందా? ‘3డి’ దూరిందా? ఖాళీ ఉందా?

మూడవ పరీక్ష: చిరునామాలో ఇంటి పేరు వరకు ఉంచి, ఆ తర్వాత వచ్చే గీత నుంచి అంతా తుడిచేసి తెరవండి. ఇల్లు తెరుచుకుంటే లోపం గది పేరులో ఉంది. లోపలికి వెళ్లి వెతుక్కోవచ్చు. గడువు దగ్గరపడినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది ఈ ఉపాయమే.

నాలుగవ పరీక్ష: అదే లంకెను మరో ఫోనులో, మరో కనెక్షన్‌తో తెరవండి. అక్కడ వస్తే లోపం మన యంత్రంలోనో మన ఇంటర్నెట్‌లోనో ఉంది. అక్కడా రాకపోతే లోపం అవతల ఉంది.

నాలుగు పరీక్షలకూ కలిపి ఐదు నిమిషాలు పట్టదు.

అతికించకూడని లంకెలు

ఒక హెచ్చరిక. తెగిన ప్రతి లంకెనూ అతికించనక్కర్లేదు. కొన్నిటిని మెయిలు ప్రోగ్రాము కావాలనే ఆపుతుంది, ఎందుకంటే అవి మోసపు లంకెలు.

నీలి రంగులో కనబడే మాట ఒకటి, దాని వెనుక దాగిన చిరునామా మరొకటి కావచ్చు. కంప్యూటరులో మౌసు బాణాన్ని లంకె మీద ఉంచి, నొక్కకుండా ఆగితే అసలు చిరునామా కనబడుతుంది. ఫోనులో లంకె మీద వేలు కాసేపు ఉంచితే తెలుస్తుంది.

చిరునామాను కుడి నుంచి చదవాలని చెప్పుకున్నాం కదా, ఇప్పుడు ఆ విద్య అవసరం. ‘స్కాలర్‌షిప్స్.జిఓవి.ఇన్’ ప్రభుత్వ చిరునామా. కాని ‘స్కాలర్‌షిప్స్.జిఓవి.ఇన్.దరఖాస్తు.కామ్’ అని ఉంటే? ఎడమ నుంచి చూసినవాడు ప్రభుత్వానిదే అనుకుంటాడు. కుడి నుంచి చూస్తే యజమాని ‘దరఖాస్తు.కామ్’. ఎడమ వైపున ఎవరైనా ఏ పేరైనా తగిలించుకోవచ్చు. గుమ్మం మీద కలెక్టరు కార్యాలయం అని బోర్డు రాసుకున్నంత మాత్రాన ఆ ఇల్లు కలెక్టరు కార్యాలయం కాదు!

అనుమానం వస్తే లంకె నొక్కకుండా, వెబ్‌సైటు పేరును మీరే టైపు చేసి వెళ్లండి. ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డు అడిగితే పెద్దలకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది సైబరు మోసాల మీద ఫిర్యాదు కోసం దేశమంతటికీ ఉన్న నంబరు.

పంపేవారు మీరైతే

లంకెను ఒక వరుసలో ఒంటరిగా పెట్టండి. చివర చుక్క పెట్టకండి. లంకెకు ఇరువైపులా ‘<’, ‘>’ గుర్తులు పెట్టే అలవాటు మంచిది. 2005లో వెలువడిన వెబ్ చిరునామాల నియమపత్రం కూడా దీన్నే సూచించింది. ఆ గుర్తుల మధ్య ఉన్నదంతా ఒకే చిరునామా అని చాలా ప్రోగ్రాములు గ్రహిస్తాయి. ముఖ్యమైన పని అయితే పేజీ పేరు, అది ఏ వెబ్‌సైటులో ఉందో మాటలలో కూడా రాయండి. లంకె తెగినా అందుకున్నవారు వెతుక్కోగలుగుతారు. అన్నిటికంటే ముందు, ఆ మెయిలును ఒకసారి మీకే పంపుకొని నొక్కి చూసుకోండి.

చేసి చూడండి

మీ ఊరి పేరును కాగితం మీద రాసి ముక్కలు చేయండి. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, సున్న ఒకటి. ఒత్తు ఉంటే రెండు హల్లుల మధ్య పొల్లు గుర్తును కూడా ఒకటిగా లెక్కపెట్టాలి. ఉదాహరణకు ఉదయగిరిలో ఏడు ముక్కలు. ఆత్మకూరులో ఆ, త, పొల్లు, మ, క, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము – ఎనిమిది. మొత్తాన్ని 9తో గుణించి, 30 కలపండి. ఎంత వచ్చింది? 78 దాటిందా?

తర్వాత బ్రౌజరులో తెలుగు వికీపీడియాలోని మీ ఊరి పేజీ తెరిచి, చిరునామాను కాపీ చేసి ఒక మెయిలులో అతికించండి. శాతం గుర్తులతో కనబడితే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అవి ముక్కల సంఖ్యకు సరిగ్గా మూడు రెట్లు ఉండాలి. వరికుంటపాడుకు 33 రావాలి. పేజీ పేరులో ఖాళీగాని, కుండలీకరణంగాని ఉంటే లెక్క కొంచెం మారుతుంది. ఎందుకు మారిందో మీరే కనిపెట్టండి.

చివరగా ఒక ప్రశ్న. జిల్లాలో 78 గుర్తుల వరుసలో ఇమిడే పేర్లున్న ఊళ్లు కావలి కాక ఇంకేమి ఉన్నాయి? పటం ముందు పెట్టుకుని, నలుగురు స్నేహితులు కలిసి లెక్క వేయండి.